బంగాళాఖాతం మీద వాన ఎంత?



బ్లాక్ ఆఫీసు ఆవరణలోనో, తాలూకా కచేరీ వెనకాలో నేలలో పాతిన వర్షమాపకాన్ని మీరు చూసే ఉంటారు. పైన గరాటు, లోపల వాన నీరు చేరే సీసా. రోజూ ఉదయం 8-30 గంటలకు ఆ నీటిని కొలపాత్రలో పోసి చూస్తారు. 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే, ఆ నీరు ఇంకిపోకుండా, పారిపోకుండా నిలిస్తే నేల మీద 10 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుందన్నమాట. ఇంకోలా చెప్పాలంటే, ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. చిక్కంతా ఆ వర్షమాపకాన్ని పాతడానికి నేల లేని చోట వస్తుంది.

మన బంగాళాఖాతం విస్తీర్ణం సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్లు. దాని మీద అంతటా ఒక్క మిల్లీమీటరు వాన పడిందనుకోండి. లెక్క వేస్తే సుమారు 78 టి.ఎం.సి.ల నీరు తేలుతుంది. హోస్పేట దగ్గరి తుంగభద్ర జలాశయం నిండా పట్టేది సుమారు 105 టి.ఎం.సి.లు. అంటే సముద్రమంతటా ఒకటిన్నర మిల్లీమీటర్ల చినుకులు చాలు, తుంగభద్ర నిండి పొర్లడానికి. అంత నీరు పడే చోట కొలత పెట్టేవాడు లేడు.

సముద్రం మీద పడిన వాన సముద్రంలోనే కలిసిపోతుంది కదా, దాన్ని కొలిచి ఏం లాభం అని మీరు అడగవచ్చు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. జవాబు మన ఇంటి ముంగిట్లోనే ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒడిశాకూ, కోస్తా ఆంధ్రకూ పెద్ద వానలు తెచ్చే అల్పపీడనాలు, వాయుగుండాలు చాలామటుకు ఉత్తర బంగాళాఖాతంలోనే పుడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులు వచ్చేదీ బంగాళాఖాతం నుంచే. నీటి ఆవిరి మేఘమై, వానగా మారేటప్పుడు లోపల దాగిన వేడిని బయటకు వదులుతుంది. ఆ వేడే అల్పపీడనానికి బలం. కాబట్టి నడిసముద్రంలో ఎక్కడ, ఎంత వాన పడుతోందో తెలిస్తే, ఆ అల్పపీడనం ఎక్కడ, ఎంత బలం పుంజుకుంటోందో తెలిసినట్టే.

తీరం మీది కొలతలు చూసి మధ్యలోది ఊహించవచ్చునా? ఆ పప్పులు ఉడకవు. చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన. అదే సముద్రంలోని పోర్ట్‌బ్లెయిర్‌లో సుమారు 3000. ఆవలి ఒడ్డున బర్మాలోని సిట్వేలో 4000 దాటుతుంది. మన పూర్వులు గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగూను వెళ్ళిన రోజుల్లో అక్యాబ్ అని పిలిచింది ఈ సిట్వేనే. ఈ మూడు అంకెల మధ్య గీత గీసి నడిసముద్రపు వానను తేల్చలేం. ఓడల వారు వాన పడితే పుస్తకంలో రాసుకుంటారు నిజమే. కానీ ఓడలు తమ దారిన తాము పోతాయి, వాన ఎక్కువ ఉన్నచోటుకు దూరంగా కూడా పోతాయి. తీరంలోని రాడార్లు, అంటే గోపాలపురం, పారాదీప్, విశాఖపట్నం, మచిలీపట్నం, చెన్నైలలో ఉన్నవి, వానను బాగానే చూస్తాయి. కానీ భూమి గుండ్రంగా ఉంది కనుక రెండు మూడు వందల కిలోమీటర్లు దాటితే రాడారు కిరణం వాన తలమీదుగా వెళ్ళిపోతుంది.

ఇక మిగిలింది పైనుంచి చూడడమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉపగ్రహం వానను కొలవదు. వానతో పాటు వచ్చే మరో గుర్తును చూస్తుంది. ఆ గుర్తు నుంచి వాన ఎంతో లెక్క కడతారు. ఏ ఉపగ్రహం ఏ గుర్తును చూస్తోందో తెలియకపోతే, దాని బొమ్మ చూసి మనం సులువుగా తప్పుదారి పడతాం. తుపాను రోజుల్లో మీ చేతి ఫోనులోకి రంగురంగుల బొమ్మలు వస్తున్నాయి కదా, ఎర్రగా ఉన్నచోట కుండపోత అని కింద రాసి మరీ? ఆ ఎరుపు చాలాసార్లు వాన కాదు.

మరేమిటి? చలి. మన ఇన్సాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితో పాటే తిరుగుతూ, ఎప్పుడూ మన వైపే చూస్తుంటాయి. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బి నాటినుంచి, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్సాట్-3డిఎస్ దాకా పద్ధతి ఇదే. పగలు మామూలు వెలుతురులో, రాత్రింబవళ్ళూ పరారుణ కిరణాలలో చూస్తాయి. పరారుణ కిరణాలు మేఘం పైకప్పు ఎంత చల్లగా ఉందో చెబుతాయి. మేఘం ఎంత ఎత్తుకు లేస్తే పైకప్పు అంత చల్లన. పెద్ద ఉరుముల మేఘం పైకప్పు సున్నాకు దిగువన 70, 80 డిగ్రీల సెంటిగ్రేడు కూడా ఉంటుంది. ఆ చలికి బొమ్మలో ఎర్ర రంగు పులుముతారు. చూసేవారికి తేలికగా ఉంటుందని చేసిన ఏర్పాటు అది.

ఎత్తయిన మేఘం గట్టి వాన కురుస్తుందనేది మొత్తం మీద నిజమే. దీనికి ఒక లెక్క కూడా ఉంది. 1974లో ఆఫ్రికా పడమటి తీరానికి అవతల, అట్లాంటిక్ సముద్రంలో ఎన్నో దేశాల ఓడలు చేరి రాడార్లతో వానను పరిశీలించాయి. ఆ రాడారు కొలతలనూ, ఉపగ్రహం బొమ్మలనూ పక్కపక్కన పెట్టి ఫిలిప్ ఆర్కిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1979లో ఒక సూత్రం చెప్పాడు. సముద్రాన్ని పెద్ద పెద్ద గళ్ళుగా విడగొట్టాలి. ఒక్కొక్క గడిలో ఎంత భాగాన్ని సున్నాకు దిగువన 38 డిగ్రీల కన్నా చల్లని మేఘం కప్పిందో చూడాలి. ఆ భాగానికి గంటకు 3 మిల్లీమీటర్ల చొప్పున వాన వేసుకోవాలి. అంతే! ఇంత మోటు లెక్క నెల మొత్తానికి చూసుకుంటే ఉష్ణమండల సముద్రాల మీద బాగానే కుదురుతుంది.

కానీ ఆ గంటకు, ఆ చోటుకు అంటే మాత్రం కుదరదు. ఇంటి కప్పు మీంచి లేచే పొగను చూసి లోపల ఏం వండుతున్నారో, ఎంతమందికి వండుతున్నారో చెప్పినట్టుంటుంది. ఉరుముల మేఘం పైభాగం గొడుగులా పరుచుకుని వందల కిలోమీటర్లు సాగుతుంది. ఆ అంచుల కింద చినుకైనా ఉండదు, బొమ్మలో మాత్రం చల్లగా, ఎర్రగా ఉంటుంది. ఇంకోవైపు తక్కువ ఎత్తు మేఘాలు పైకప్పు వెచ్చగా ఉండగానే జోరుగా కురిసి పోతాయి. పరారుణ బొమ్మ వాటిని లెక్కలోకే తీసుకోదు.

అందుకని మేఘం పైకప్పును దాటి లోపలికి చూసే కన్ను కావలసి వచ్చింది. అది మైక్రోవేవ్ కన్ను.

ప్రపంచంలో ప్రతి వస్తువూ తన వేడికి తగ్గట్టు మైక్రోవేవ్ తరంగాలను కొద్దికొద్దిగా వెదజల్లుతూ ఉంటుంది. నేల దాదాపు పూర్తిగా వెదజల్లుతుంది. సముద్రం మాత్రం పిసినారి. అదే వేడిలో ఉన్నా ఇంచుమించు సగమే ఇస్తుంది. అందువల్ల మైక్రోవేవ్ కంటికి సముద్రం నల్లగా, చల్లగా కనిపిస్తుంది. దానిపైన వాన చినుకులు వెచ్చగా వెలుగుతూ కనిపిస్తాయి. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తే చివరి బెంచీ వాడికీ కనిపిస్తుంది. అదే సుద్దతో సున్నం కొట్టిన గోడ మీద రాయండి, మొదటి బెంచీ వాడికైనా కనిపించదు. సముద్రం నల్లబల్ల. నేల సున్నం గోడ.

ఇందులోని విశేషం గమనించారా? వర్షమాపకం పాతడానికి వీల్లేని చోటు సముద్రం. ఆకాశం నుంచి వానను బాగా చూడడానికి వీలైన చోటూ సముద్రమే. నేల మీద చినుకులు నేరుగా కనబడవు కనుక, మేఘం పైభాగంలోని మంచు ముక్కలు నేల నుంచి వచ్చే తరంగాలను ఎంత చెదరగొడుతున్నాయో చూసి, దాన్నుంచి కింద వానను ఊహించవలసి ఉంటుంది. సముద్రం మీద ఆ ఊహ అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఈ విద్యలో మన దేశం వెనకబడి లేదు. 1979 జూన్‌లో సోవియట్ గడ్డ మీంచి ఎగిరిన మన భాస్కర ఉపగ్రహంలోనే 'సమీర్' అనే మైక్రోవేవ్ సాధనం ఉంది. సముద్రాల మీది తేమను, మేఘాల నీటిని చూడడానికే దాన్ని పెట్టారు. 1999 మేలో ఎగిరిన ఓషన్‌శాట్-1లో కూడా అలాంటి సాధనం ఉంది.

అయితే ఈ కంటికీ ఒక లోపం ఉంది. అది సముద్రంలో వేటకు వెళ్ళే శ్రోతలు ముఖ్యంగా తెలుసుకోవలసింది. మైక్రోవేవ్ సాధనం ఒక్కో చూపులో పదుల కిలోమీటర్ల మేర కలిపి చూస్తుంది. తీరం పక్కన అయితే ఆ చూపులో కొంత నేల, కొంత నీరు కలిసిపోతాయి. నల్లబల్లా, సున్నం గోడా కలగలిసినట్టు. అందువల్ల ఒడ్డుకు ఆనుకుని ఉన్న ఇరవై ముప్ఫై కిలోమీటర్ల పట్టీలో లెక్క తడబడుతుంది. గోపాలపురంలోనైనా, పూరీ పెంటకోటలోనైనా, యానాం దగ్గరి గోదావరి మొగలోనైనా మన చిన్న పడవలు తిరిగేది ఆ పట్టీలోనే. అక్కడ మీకు తీరపు రాడారే దిక్కు. దాన్ని చూసి చేసే హెచ్చరికనే నమ్మాలి తప్ప, ఉపగ్రహం బొమ్మలో మన ఒడ్డు తెల్లగా ఉంది కదా అని తెప్ప దింపకూడదు.

1996 నవంబరు 6న కాకినాడ, యానాం ప్రాంతాలను ముంచిన తుపాను మనలో చాలామందికి గుర్తే. అప్పుడు ఇన్సాట్ బొమ్మలు ఉన్నాయి. మేఘం గుండ్రంగా తిరగడం కనిపించింది. కానీ ఆ తెల్లటి కప్పు కింద వాన ఎక్కడ దట్టంగా ఉంది, ఎంత ఎత్తునుంచి పడుతోంది అనేది పొరలు విప్పి చూపే రాడారు సాధనం ఆకాశంలో ఒక్కటీ లేదు. ఏడాది దాటాక, 1997 నవంబరు 28న, జపానులోని తనెగాషిమా నుంచి అలాంటిది ఎగిరింది. అమెరికా, జపాను కలిసి చేసిన ఆ ఉపగ్రహం పేరు 'ట్రమ్'. ఉష్ణమండలపు వానలను కొలవడమే దాని పని. అంతరిక్షంలోకి వెళ్ళిన మొట్టమొదటి వాన రాడారు దానిలోనే ఉంది.

ట్రమ్ 350 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది. రాడారు కిందికి తరంగాన్ని పంపి, చినుకులకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటుంది. నూతిలో కేకేసి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు చెప్పినట్టు, ఏ ఎత్తున ఎన్ని చినుకులు ఉన్నాయో 250 మీటర్ల పొరలుగా విడదీసి చెప్పింది. ఉల్లిపాయను నిలువునా కోసి చూసినట్టు తుపానును కోసి చూడడం అప్పుడే మొదలయింది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటిన నాటికి కూడా ట్రమ్ పని చేస్తూనే ఉంది. మూడేళ్ళ పనికని పంపితే పదిహేడేళ్ళు చేసి, 2015లో విశ్రమించింది.

దాని బలహీనత ఏమిటంటే, నిలకడగా ఒకచోట ఉండదు. 90 నిమిషాల చిల్లరకు భూమిని ఒకసారి చుట్టి వస్తుంది. రాడారు చూసేది కేవలం 215 కిలోమీటర్ల వెడల్పు పట్టీని. అది దాటిపోయిన పది నిమిషాలకు మొదలైన వాన దానికి తెలియనే తెలియదు. దీనికి మందు, మరిన్ని ఉపగ్రహాలు. మన ఇస్రో, ఫ్రాన్సు కలిసి 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పంపిన మేఘా-ట్రాపిక్స్ ఆ కోవలోదే. భూమధ్యరేఖకు అటూ ఇటూ దగ్గరగానే తిరిగేలా దాని దారిని ఏర్పాటు చేశారు కనుక మన సముద్రాల మీదుగా రోజుకు అనేకసార్లు వెళ్ళేది. దానిలో వానను చూసే సాధనం పేరు 'మద్రాస్'. ఊరి పేరు కాదు, పొడవాటి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాల కూర్పు. పాపం, ఆ సాధనం 2013 జనవరిలో ఆగిపోయింది. గాలిలో తేమను చూసే మరో సాధనం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పని చేసింది.

2014 ఫిబ్రవరి నుంచి ట్రమ్ వారసుడు 'జి.పి.ఎం.' ఆకాశంలో ఉంది. దానిది రెండు రకాల తరంగాల రాడారు. అనేక దేశాల ఉపగ్రహాల మైక్రోవేవ్ కొలతలను ఈ రాడారుతో సరిచూసి, మధ్య మధ్య ఖాళీలను పరారుణ బొమ్మలతో పూడ్చి, ప్రతి అరగంటకూ ఒక వాన పటం తయారు చేస్తున్నారు. సుమారు 10 కిలోమీటర్లకు ఒక గడి. నాలుగు గంటలలో తొందర లెక్క వస్తుంది. మూడున్నర నెలలకు సరిదిద్దిన లెక్క వస్తుంది.

సరే, ఇంతా చేసి మనం తెలుసుకున్నదేమిటి?

మొదటిది, వాన ఉన్న చోటు. నైరుతి ఋతుపవనాల కాలంలో సముద్రమంతా ఒకేలా తడవదు. ఈశాన్య మూలన, అరకాన్ కొండల ముందు, కొండలు ఇంకా రాకముందే సముద్రం మీదే వాన దట్టంగా పడుతుంది. అదే సమయంలో తమిళనాడు, శ్రీలంకలను ఆనుకున్న నైరుతి మూల ఇంచుమించు పొడిగా ఉంటుంది. అక్కడి వంతు అక్టోబరు దాటాకనే.

రెండోది, వేళ. నేల మీద వాన ఎక్కువగా సాయంకాలం పడుతుందని మనకు తెలుసు. సముద్రం మీద ఆ గడియారం తిరగబడుతుంది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున మన తీరానికి దగ్గరగా వాన మొదలై, పగలు గడిచేకొద్దీ నడిసముద్రం వైపు జరుగుతుంది. ఒక పెద్ద సముద్రం మీద ఇంత చక్కగా సాగే దినచర్యను గంట గంటకూ చూసే ఉపగ్రహాలు లేకపోతే పట్టుకోవడం కష్టం.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమయినది. 1980లో డి.ఆర్. సిక్కా, సులోచనా గాడ్గిల్ అనే మన శాస్త్రజ్ఞులు రోజువారీ ఉపగ్రహ బొమ్మలను ముందు పెట్టుకుని, మేఘాలు దట్టంగా ఉన్న పట్టీ ఏ రోజు ఏ అక్షాంశం మీద ఉందో గుర్తు పెడుతూ పోయారు. ఆ పట్టీ భూమధ్యరేఖ దగ్గర పుట్టి, మెల్లగా ఉత్తరానికి నడిచి, మన దేశం మీదికి వస్తోందని తేలింది. కొన్ని వారాలకు మళ్ళీ మరొకటి. మన ఊళ్ళలో పది రోజులు ముసురు, పది రోజులు ఎండ అన్నట్టుండే ఋతుపవనాల పోకడకు ఇది పెద్ద ఆధారం. రైతు ఆకాశం వైపు చూస్తున్నప్పుడు, ఆయనకు రావలసిన వాన ఇంకా సముద్రంలో దారిలో ఉంటుందన్నమాట.

నాలుగోది, సముద్రం పైపొర. బంగాళాఖాతం మీద పడే వాన, అక్కడ ఆవిరయ్యే నీటికన్నా ఎక్కువ. పైగా గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే నీరు. ఈ మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంది. కింది చల్లని నీటిని పైకి రానివ్వకుండా అడ్డుపడుతుంది. అందుకే పైనీరు 28 డిగ్రీలకు తగ్గకుండా నెలల తరబడి వెచ్చగా ఉంటుంది, మళ్ళీ మేఘాలు పుడతాయి. అరేబియా సముద్రంలో ఆవిరయ్యేదే ఎక్కువ, కనుక అక్కడి నీరు ఉప్పన. ఈ ఉప్పదనాన్ని కూడా ఇప్పుడు ఉపగ్రహాలతోనే చూస్తున్నారు.

ఇక ఈ లెక్కలు ఎంతవరకు నిజమో చూడడానికి కిందనుంచి సాక్ష్యం కావాలి కదా. 1999 జులై, ఆగస్టు నెలల్లో 'సాగర్ కన్య' నౌక ఉత్తర బంగాళాఖాతంలో రోజుల తరబడి ఒకేచోట నిలిచి గాలిని, నీటిని, వానను పరిశీలించింది. ఎప్పుడూ ఉండే సాక్షులు మాత్రం లంగరు వేసిన బోయాలు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వేసినవి కొన్ని, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట అంతర్జాతీయ సహకారంతో వేసినవి కొన్ని. వీటిలో కొన్నింటి మీద వర్షమాపకాలు ఉన్నాయి. ఊగే బోయా మీద, ఈడ్చికొట్టే గాలిలో, అవి కూడా అసలు కన్నా కాస్త తక్కువే పట్టుకుంటాయి. అంతటి విశాల సముద్రానికి అటువంటివి గుప్పెడు. బోయా నీడన చేపలు చేరతాయని కొందరు దానికి పడవ కడతారు. తాడు తెగినా, పైన సాధనం విరిగినా ఆ గుప్పెడులో ఒకటి తగ్గినట్టే. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రానికి ఆ చోటునుంచి కబురు ఆగిపోతుంది.

సముద్రం మీద వాన పెరుగుతోందా, తగ్గుతోందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారిని కూడా కొంచెం నిలదీయాలి. 2001 ఆగస్టులో ఇంధనం పొదుపు చేయడానికి ట్రమ్‌ను 350 నుంచి 402 కిలోమీటర్ల ఎత్తుకు జరిపారు. అంత మాత్రానికే రాడారు చూపు కాస్త పలచబడింది, ఒక్కో చూపు పరిధి 4 కిలోమీటర్ల చిల్లర నుంచి 5కు పెరిగింది. సరిదిద్దకుండా వదిలేస్తే, వాన మారకపోయినా పటంలో వాన మారినట్టు కనిపిస్తుంది. ఒక సాధనం పోయి మరొకటి వచ్చినప్పుడల్లా ఇదే తంటా. ఆకాశం నుంచి రాడారుతో వానను చూడడం మొదలై మూడు దశాబ్దాలైనా పూర్తి కాలేదు. మన బ్లాక్ ఆఫీసుల్లోని వర్షమాపకాల లెక్కలు కొన్నిచోట్ల నూరేళ్ళు దాటి ఉన్నాయి.